త్రికోణం ఫా, చతురస్రం లా: మేడ మీద విన్న అమెరికా పాత పాటలు

క్రిందటేడు మే నెలలో, తిరుపతిలో గంగమ్మ జాతర ముగిసిన మరుసటి శనివారం రాత్రి, ఇంట్లో ఉక్కపోత భరించలేక భోజనాలయ్యాక అందరం మేడ మీద చాపలు పరచుకుని కూర్చున్నాం. ఎదురుగా చీకట్లో శేషాచలం కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు వరుసగా కనిపిస్తున్నాయి. పది గంటలప్పుడు, అలబామా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా మధ్యాహ్న భోజనవేళ కాలేదు. తనతో పనిచేసే ఒకాయన పిలిస్తే ఊరికి దూరంగా, పైన్ చెట్ల నడుమ ఉన్న ఒక చిన్న చర్చికి వెళ్ళాడట. "బావా, వీళ్ళు గీతాలు పాడతా ఉండారు బావా! ముందు స్వరం, తర్వాత సాహిత్యం. అచ్చం మనం పాడినట్లే. నువ్వు వినల్ల," అని గుసగుసగా చెప్పి, ఫోన్‌ను బెంచీ మీద పెట్టేశాడు.

ఆ తర్వాత వినిపించినదాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు. యాభై అరవై గొంతులు ఒక్కసారిగా, ఏ వాద్యమూ లేకుండా, తలుపులు అదిరేటట్లు "ఫా సోల్ లా" అంటూ ఒక వరసను మొదలుపెట్టి, చివరిదాకా ఆ అక్షరాలతోనే పాడి, ఊపిరి తీసుకున్నంత వ్యవధిలో మళ్ళీ అదే వరసను మాటలతో అందుకున్నాయి. మూడేళ్ళుగా సంగీతం నేర్చుకుంటున్న మా అమ్మాయి పడుకున్నది కాస్తా లేచి కూర్చుంది. మలహరి రాగంలో తొలి గీతం నేర్చుకునేటప్పుడు ఇక్కడ ప్రతి పిల్లా చేసే పని అదే. స్వరాలు నోటికి వచ్చాకే సాహిత్యం. చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు గాత్రం నేర్చుకుని, ఆ తర్వాత జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకుంటూ బ్రతుకుతున్న నేను, అమెరికా పల్లెటూళ్ళలో ఇటువంటి పద్ధతి ఒకటి ఉన్నదని అంతవరకూ విననేలేదు. మా హాస్టల్ రోజుల్లో అమెరికా సంగీతమంటే మైకేల్ జాక్సన్. అంతకుమించి ఆ దేశపు పాట ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట పెరిగిందో మాలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచనా రాలేదు.

ఆ పద్ధతి పేరు సేక్రెడ్ హార్ప్. పేరులో హార్ప్ ఉన్నా అందులో వీణాలేదు, తంత్రీలేదు. మనిషి గొంతే ఆ వాద్యం. 1844లో జార్జియా రాష్ట్రానికి చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ వైట్, ఇ. జె. కింగ్ అనే ఇద్దరు కూర్చిన పాటల పుస్తకం పేరే ఆ సంప్రదాయానికీ పేరైంది. దాని వెనుక ఇంకా పాత చరిత్ర ఉన్నది. చదువు అంతగా లేని పల్లె జనానికి స్వరలిపి నేర్పడానికి, ఊరూరా తిరిగే సంగీతపు పంతుళ్ళు ఒక ఉపాయం పట్టారు: స్వరానికి పేరు చెప్పే బదులు దాని గుర్తుకే ఒక ఆకారం ఇవ్వడం. ఫా త్రికోణం, సోల్ గుండ్రం, లా చతురస్రం, మీ పేకముక్కల్లోని డైమండ్ వంటి ఆకారం. 1801 నాటికే ఈ నాలుగు ఆకారాలతో పాఠ్యపుస్తకం అచ్చయింది. ఆకారం చూసి స్వరం పట్టగలిగితే చాలు, గీతల మీద దాని స్థానం లెక్కపెట్టుకునే పని సగం తగ్గిపోతుంది. పాఠం చెప్పి బ్రతికేవాడిగా ఆ ఉపాయాన్ని కనిపెట్టిన పంతుళ్ళకు నేను మనసారా నమస్కరించాను.

మా బావమరిది ఆ పుస్తకంలోని ఒక పేజీని ఫొటో తీసి పంపాడు. మా అమ్మాయి దాన్ని వేలితో పెద్దది చేసి చూసి, రెండు నిమిషాల్లో ఒక ప్రశ్న వేసింది. "నాన్నా, స్వరాలు ఏడైతే పేర్లు నాలుగేనా? మధ్యమాన్ని కూడా ఫా అనే అంటే, అది షడ్జమం కాదని వాళ్ళకెట్ల తెలుస్తుంది?" ఆ రాత్రి నా దగ్గర సమాధానం లేదు. మర్నాడు శ్రుతిపెట్టె ముందు కూర్చుని ఒక్కొక్క స్వరమూ పాడి చూస్తే గాని విషయం బోధపడలేదు. శంకరాభరణాన్ని వాళ్ళు ఫా సోల్ లా, ఫా సోల్ లా, మీ అని పాడతారు. స నుంచి రి కి, రి నుంచి గ కి ఎంత దూరమో, మ నుంచి ప కి, ప నుంచి ద కి సరిగ్గా అంతే దూరం. దూరాలు ఒకటే గనుక పేర్లూ ఒకటే. ఏడింటిలో ఒంటరిగా మిగిలిన నిషాదానికి మాత్రమే ప్రత్యేకంగా ఒక పేరు. స్వరస్థానానికి కాక, స్వరానికీ స్వరానికీ నడుమ ఉన్న వ్యవధికి పేరు పెట్టిన పద్ధతి అది. షడ్జమాన్ని మార్చి పాడే గ్రహభేదం తెలిసినవారికి ఇందులోని సొగసు ఇట్టే పట్టుబడుతుంది.

ఇంతకంటే నన్ను ఆశ్చర్యపరచిన సంగతి మరొకటి ఉన్నది. వాళ్ళ దుఃఖపు వరసలు లా తో మొదలవుతాయి: లా మీ ఫా సోల్ లా ఫా సోల్. కాగితం మీద చూస్తే అది మన నఠభైరవి మేళపు స్వరాలే, అంటే శుద్ధ ధైవతం, తక్కువ స్థాయి ద, ఉండాలి. కానీ పాతకాలపు కుటుంబాల వాళ్ళు పాడేటప్పుడు చాలా చోట్ల ఆ ధైవతం పైకి జరిగి చతుశ్రుతి అవుతుంది, పుస్తకంలో అందుకు ఏ గుర్తూ ఉండదు. అచ్చులో నఠభైరవి, నోట్లో ఖరహరప్రియ! తల్లి పాడగా పిల్లలు విని పట్టుకున్న ఆ చిన్న తేడా తరాలుగా పుస్తకానికి లొంగకుండా నిలిచింది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. స్వరాలు కలిసినంత మాత్రాన అది ఖరహరప్రియ రాగం కాదు; రాగానికి సంచారం, గమకం, జీవస్వరం అన్నీ కావాలి. ప్రపంచంలో ఏ పాట విన్నా "ఇది మన రాగమే" అని మురిసిపోయే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. దానివల్ల ఆ పాట సొంత రుచి మనకు అందకుండా పోతుందని నా అభిప్రాయం. మేళకర్త అనే మన స్వరాల పట్టిక నాకు అక్కడ ఒక గుమ్మం వంటిది మాత్రమే.

వాళ్ళు కూర్చునే తీరు కూడా వేరు. నాలుగు గొంతుల వాళ్ళు నాలుగు వైపులా ముఖాముఖి కూర్చుంటారు, నడుమ చతురస్రపు ఖాళీలో ఒక్కొక్కరే వంతులవారీగా వచ్చి నిలబడి, చేతితో తాళం వేస్తూ తమకు నచ్చిన పాటను నడిపిస్తారు. ఎనిమిదేళ్ళ పిల్లా నడిపించవచ్చు, ఎనభై ఏళ్ళ ముసలాయనా నడిపించవచ్చు. శ్రుతిని ఒకరు చెవితోనే అంచనా కట్టి ఎత్తుకుంటారు. శ్రోతల కోసం వేసిన కుర్చీలంటూ ఉండవు, ఎందుకంటే అది కచేరీ కాదు. మా అమ్మగారి ఊళ్ళో, పాకాల దగ్గర, చెక్కభజన వాళ్ళు గుండ్రంగా తిరుగుతూ తమకోసమే పాడుకోవడం చూసినవాడిని గనుక ఆ సంగతి నాకు వింతగా అనిపించలేదు. ఆ నాలుగు గొంతులూ ఒకేసారి గట్టిగా కలిసే చోటు ఆ చతురస్రపు నడిమధ్య మాత్రమేనట. అందుకే అక్కడ నిలబడి పాట నడిపించిన మా బావమరిది, ఆ వారమంతా తన చెవుల్లో ఆ హోరు తగ్గలేదని చెప్పాడు.

ఈ సంప్రదాయంలో ఒక్క రికార్డింగు మాత్రమే వినే తీరిక ఉన్నవారికి, 1959లో జానపద పాటల సేకర్త అలన్ లోమాక్స్ అలబామాలోని ఫైఫ్ అనే చిన్న ఊళ్ళో చేసిన రికార్డింగులను సూచిస్తాను. ఆ యాత్రలో ఆయన స్టీరియో యంత్రాన్ని తీసుకువెళ్ళడం వల్ల, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఎడమ పక్క ఒక గుంపు, కుడి పక్క మరొక గుంపు కూర్చున్నట్లు తెలుస్తుంది. లోమాక్స్ దశాబ్దాల పాటు సేకరించిన పాటల్లో సుమారు 17,000 రికార్డింగులను 2012లో అంతర్జాలంలో అందరికీ అందుబాటులో పెట్టారు. నాకు ఆ గని దొరికిన తర్వాత ఆరు నెలల పాటు పేపర్లు దిద్దే పని తప్ప సాయంత్రాలన్నీ దానికే పోయాయి.

అక్కడినుంచి 78 ఆర్‌పీఎం రికార్డుల వైపు వెళ్ళాను. మన తాతల ఇళ్ళలో ప్లేట్లు అని పిలిచినవి అవే, ఒక్కో పక్క మూడు నిమిషాల పాట పట్టేవి. వాటిని దేనితో చేసేవారో తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు: లక్కతో. ఆ లక్కలో అత్యధిక భాగం మన దేశం నుంచే ఎగుమతి అయ్యేది. అంటే మిసిసిపీలోనో టెక్సస్‌లోనో పత్తి చేలలో పనిచేసిన మనిషి గొంతు నిలిచింది మన చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టిన లక్కలో. 

విస్కాన్సిన్ రాష్ట్రంలో కుర్చీలు చేసే ఒక కంపెనీ ఉండేది. గ్రామఫోన్ పెట్టెలు కూడా చేసి అమ్మేవారు గనుక, పెట్టెలు అమ్ముడుపోవాలంటే వాటిలో వేయడానికి ప్లేట్లు ఉండాలని పారమౌంట్ అనే పేరుతో రికార్డుల వ్యాపారం మొదలుపెట్టారు. చౌక లక్క, చౌక పనితనం. కొత్త ప్లేటు మీదే సూది గరగరమనేది. కానీ 1930 ప్రాంతంలో గ్రాఫ్టన్ అనే ఊళ్ళోని వాళ్ళ స్టూడియోలో పాడిన నల్లజాతి గాయకుల పాటలు ఇప్పుడు బ్లూస్ సంగీతానికే మూలధనం. కంపెనీ మూతపడ్డాక లోహపు మూలఫలకాలు చాలావరకు తుక్కు కింద పోయాయి. ఆ స్టూడియోకు 1930లో ఎల్వీ థామస్, గీషీ వైలీ అనే ఇద్దరు స్త్రీలు గిటార్లు పట్టుకుని వచ్చారు. వాళ్ళిద్దరివీ కలిపి మనకు దక్కినవి ఆరు పాటలు. అందులో "లాస్ట్ కైండ్ వర్డ్స్ బ్లూస్" అనే పాట ప్లేట్లు ప్రపంచం మొత్తం మీద పది కూడా మిగలలేదు.

ఆ పాటను నేను తొలిసారి విన్నప్పుడు గరగర తప్ప ఏమీ పట్టుబడలేదు. ఎవరో శబ్దాన్ని శుభ్రం చేసి పెట్టిన ప్రతి దొరికితే సంతోషంగా దానిని విన్నాను. గరగరతోపాటు గిటారు తీగ మీద గోరు తాకే చప్పుడు, గొంతులోని బొంగురు, పదం చివర వదిలిన ఊపిరి కూడా కొట్టుకుపోయి, నీళ్ళలో మునిగి పాడుతున్నట్లు వినిపించింది. మళ్ళీ పాత ప్రతికే వచ్చి, రాత్రి పూట శబ్దం బాగా తగ్గించి మూడుసార్లు వరుసగా విన్నాను. మూడోసారికి చెవి ఆ గరగరను వానచప్పుడుగా ఒప్పుకుని పక్కన పెట్టింది; దాని వెనుకనుంచి గీషీ వైలీ గొంతు ముందుకు వచ్చింది. యుద్ధానికి వెళుతూ తాను చచ్చిపోతే శవాన్ని ఏం చేయాలో, ఆమె "డాడీ" అని పిలిచిన మనిషి చెప్పిపోయిన మాటలతో పాట మొదలవుతుంది. ఒక చోట శవాన్ని తల్లికి పంపమంటున్నాడా, అత్తగారికి పంపమంటున్నాడా అన్నది వినేవాళ్ళ మధ్య ఇప్పటికీ తేలలేదు. ఆమె ఎలుగెత్తి ఏడవదు, సముదాయించదు. అప్పగింతలు చదువుతున్నట్లు పాడుతుంది. దశాబ్దాల పాటు ఆ ఇద్దరి పేర్లు తప్ప మరేమీ లోకానికి తెలియలేదు. 1961లోనే ఒక పరిశోధకుడు హ్యూస్టన్‌లో థామస్‌ను కలిసి మాట్లాడినా, ఆ సంగతి 2014లో ఒక పత్రికా వ్యాసం వచ్చేదాకా అందరికీ చేరలేదు.

తిరుమల మ్యూజియంలో తాళ్ళపాకవారి రాగిరేకుల ముందు నిలబడినప్పుడల్లా నాకు ఇప్పుడు ఆ లక్కప్లేట్లు గుర్తుకు వస్తాయి. అన్నమయ్య 32,000 సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. మనకు దక్కినవి 12,000 పైచిలుకు. రేకు మీద ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు, మాట నిలిచింది, కానీ ఆయన ఏ వరసలో పాడాడో ఆ వరస మనకు రాలేదు. ఇప్పుడు మనం పాడుకునేవి చాలామటుకు గత శతాబ్దంలో పెద్దలు కట్టిన బాణీలు. గీషీ వైలీ విషయంలో ఇది తిరగబడింది. గొంతు ఉన్నది, గమకం ఉన్నది, వేలి వాటం కూడా ఉన్నది. మాట అరకొరగా ఉన్నది, మనిషి దాదాపు లేదు. రాగిరేకును చూసినప్పుడు నేను పాటను ఊహిస్తాను, ప్లేటు విన్నప్పుడు మనిషిని ఊహిస్తాను.

మనిషి ఆచూకీ పాటలోనే దొరికిన ఉదంతం కూడా ఒకటి ఉన్నది. మిసిసిపీ జాన్ హర్ట్ అనే ఆయన 1928లో కొన్ని పాటలు రికార్డు చేసి, అవి పెద్దగా అమ్ముడుపోకపోవడంతో తన ఊరికి వెళ్ళి సేద్యం పనులు చేసుకుంటూ ఉండిపోయాడు. 1952లో హ్యారీ స్మిత్ అనే సేకర్త తన దగ్గరున్న పాత ప్లేట్లలోంచి 84 పాటలను ఏరి ఫోక్‌వేస్ అనే రికార్డుల సంస్థ ద్వారా ఒక సంకలనంగా వెలువరించినప్పుడు అందులో హర్ట్ పాటలూ ఉన్నాయి. ఆయన బ్రతికి ఉన్నాడో లేదో ఎవరికీ తెలియదు. అయితే ఒక పాటలో ఆయన ఆవలాన్ మా ఊరు అని పాడుకున్నాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు ఆ ఒక్క మాట పట్టుకుని, పాత అట్లాసులో ఆవలాన్‌ను వెతికి, వెళ్ళి చూస్తే హర్ట్ అక్కడే ఉన్నాడు. పాట చివర ముద్ర చూసి వాగ్గేయకారుణ్ణి గుర్తుపట్టే మనకు ఇది ఎంత దగ్గరగా ఉన్నది! ఆ తర్వాత మూడేళ్ళు ఆయన దేశమంతా తిరిగి పాడి, 1966లో కన్నుమూశాడు. ఆయన గిటారు వాయింపులో బొటనవ్రేలు మంద్రాన్ని తంబూరలా నిలకడగా మ్రోగిస్తుంటే, మిగతా వ్రేళ్ళు పాటను దాని మీద తేలికగా నడిపిస్తాయి; గొంతు అరుగు మీద కూర్చుని మనతో కబుర్లు చెబుతున్నంత మెత్తగా ఉంటుంది.

ఎలిజబెత్ కాటన్ వాయింపు ఇందుకు సరిగ్గా తలక్రిందులు. ఆమెది ఎడమచేతి వాటం. తీగలు మార్చకుండా గిటారునే తిప్పి పట్టుకుని నేర్చుకోవడం వల్ల మంద్రం వ్రేళ్ళకు, పాట బొటనవ్రేలికి వచ్చాయి. 1893లో నార్త్ కరోలినాలో పుట్టి, పన్నెండేళ్ళ ప్రాయంలో గూడ్స్ రైలు మీద ఒక పాట కట్టి, ఆ తర్వాత దశాబ్దాల పాటు గిటారు ముట్టకుండా ఇళ్ళలో పని చేసుకుంటూ గడిపింది. దుకాణంలో తప్పిపోయిన ఒక పిల్లను తల్లి దగ్గరకు చేర్చిన పుణ్యాన ఆ సీగర్ కుటుంబంలో పనికి కుదిరింది. అది సంగీతజ్ఞుల ఇల్లు కావడంతో ఆమె విద్య బయటపడింది. 1958లో, అరవై ఐదేళ్ళ వయసులో, తొలి ఆల్బమ్. తొంభై దాటాక గ్రామీ పురస్కారం. రేణిగుంట వైపునుంచి తెల్లవారుజామున గూడ్స్ బండి చప్పుడు వినిపించినప్పుడు ఆ బొటనవ్రేలి పాట నా మనసులో దానంతట అదే మొదలవుతుంది.

వాషింగ్టన్ ఫిలిప్స్ గురించి చెప్పకుండా ఉండలేను. టెక్సస్‌లో చిన్న సేద్యగాడు, దైవభక్తుడు. 1927 నుంచి 1929 లోగా డాలస్‌లో 18 పాటలు రికార్డు చేశాడు, అందులో 16 మిగిలాయి. ఆయన వాయించిన వాద్యం ఏదో ఎనభై ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. వానచినుకులు ఇత్తడి పళ్ళెం మీద పడినట్లు, స్వరమండలాన్ని మునివేళ్ళతో సవరించినట్లు ఉంటుంది ఆ నాదం. ఫలానా వాద్యమని పండితులు పుస్తకాల్లో రాసింది తప్పని, ఆయన స్వయంగా చేసుకుని మాంజరీన్ అని పేరు పెట్టుకున్న తంత్రీవాద్యమని ఒక పాత పత్రికలోని చిన్న వార్త బయటపెట్టింది. ఆయన జీవితచరిత్ర కూడా అంతే: అదే పేరున్న మరొకాయన 1938లో పిచ్చాసుపత్రిలో చనిపోతే ఈయనే అనుకున్నారు. నిజానికి ఈయన 1954 దాకా తన ఊళ్ళోనే ఉన్నాడు. నాకు జ్వరం వచ్చిన రోజుల్లో విన్నది ఈ పదహారు పాటలే.

అన్నీ ఇంత నెమ్మదిగా వినదగినవి కావు. లూసియానాలో ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి రైతుకుటుంబంలో పుట్టిన ఆమెడే ఆర్డువా అకార్డియన్ వాయిస్తూ తారస్థాయిలో పాడిన 34 పాటలు, 1929కీ 1934కీ నడుమ రికార్డు అయినవి, విన్న ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది. తెల్లవాళ్ళ ఇంట నాట్యానికి వాయిస్తూండగా, ఆ ఇంటి ఆడపిల్ల ఒకామె ఇచ్చిన చేతిరుమాలుతో చెమట తుడుచుకున్నందుకు, తిరుగుదారిలో కాపుకాసి ఆయనను చావగొట్టారని ఆ ప్రాంతపు పెద్దలు చెబుతారు. మతి చెడి, 1942లో మానసిక చికిత్సాలయంలో చనిపోయాడు. సమాధి ఎక్కడో గుర్తు కూడా లేదు. ఎవరి చెయ్యి ఎవరికి తగలకూడదో, ఎవరి గ్లాసు ఎవరు ముట్టకూడదో శాసించిన ఊళ్ళు మనకూ ఉన్నాయి. మన జాతరల్లో పలక కొట్టేవాళ్ళు వీధి చివర నిలబడి వాయించి, అక్కడినుంచే కూలి పుచ్చుకుని వెళ్ళిన రోజులు నేను కళ్ళారా చూశాను. ఆర్డువా పాట వింటూ అమెరికాను మాత్రమే తప్పుపట్టడం నాకు సాధ్యం కాలేదు.

పలకల మాట వచ్చింది గనుక ఆథా టర్నర్ గురించి. మిసిసిపీ ఉత్తర ప్రాంతపు కొండపల్లెల్లో నల్లవాళ్ళు తరతరాలుగా నడుపుతున్న పిల్లనగ్రోవి, డోళ్ళ మేళం ఒకటి ఉన్నది. టర్నర్ తన పొలం దగ్గర రెల్లుగడను కోసి, ఇనుపచువ్వను ఎర్రగా కాల్చి రంధ్రాలు పొడిచి, తానే పిల్లనగ్రోవి చేసుకునేవాడు. వేసవి చివర మేకలను కోసి, ఊరందరికీ వండి పెట్టి, రాత్రి పొద్దుపోయేదాకా మట్టిలో మేళం నడిపేవాడు. ఆ మేళంలో పిల్లనగ్రోవి నాలుగైదు స్వరాలకు మించి పాడదు, పాడవలసిన అవసరమూ లేదు. డోళ్ళ నడక లోపల లోపల మారుతుంటే దాని మీద ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ వేరే వేరే శ్వాసలతో చెబుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు నడిచి వస్తున్నప్పుడు పలకల దెబ్బ మారగానే జనం అడుగు మారడం ఎరిగినవారికి ఇందులో వివరించి చెప్పవలసినది ఏమీ ఉండదు. 2003లో టర్నర్ తొంభై ఐదేళ్ళ వయసులో వెళ్ళిపోయేనాటికి, మనుమరాలు షార్డే థామస్ ఇంకా చిన్నపిల్ల. ఆ మేళాన్ని ఆమే నడుపుతున్నది.

టెక్సస్ సరిహద్దులో స్పానిష్ భాషలో పాడిన లిడియా మెండోసా, చూయింగ్ గమ్ చుట్టిన కాగితం మీద అచ్చయిన పాటను చిన్నప్పుడు నేర్చుకుని, 1934లో పన్నెండు తీగల గిటారుతో అదే పాట రికార్డు చేసి పేరు తెచ్చుకున్నదన్న సంగతి ఒక్కటి చెప్పి ముందుకు వెళతాను. ఆమె పాటల సంగతి మరో రోజు విడిగా రాయదలచాను.

ఇవన్నీ ఎక్కడ వినవచ్చునని నన్ను అడిగేవారికి నేను ముందుగా చెప్పేది ఫోక్‌వేస్ పేరు. మోజెస్ ఆష్ 1948లో ఆ సంస్థను పెట్టి, బ్రతికినంతకాలం 2,168 ఆల్బములు తెచ్చాడు. అమ్ముడుపోయినా పోకపోయినా ఏ ఒక్క ఆల్బమూ దొరకకుండా పోకూడదన్నది ఆయన పట్టుదల. 1987లో అమెరికాలో మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ ఆ సంస్థను తీసుకున్నప్పుడు ఒప్పుకున్న షరతు కూడా అదే. ఆల్బముతో పాటు వచ్చే చిన్న పుస్తకాలను, అంటే ఎవరు పాడారు, ఏ ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న వివరాలను, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. నేను పాట వినేముందు వాటిని చదవను. మొదట చెవితో విని, ఆ మనిషి ఎవరై ఉంటారో, చేసే పని ఏమై ఉంటుందో ఊహించుకుని, ఆ తర్వాతే చదువుతాను. బొగ్గుగని కార్మికుడని తెలియకముందే కెంటకీకి చెందిన రాస్కో హోల్‌కమ్ గొంతులోని ఆ బిగువు నా చెవికి తగిలినందుకు నాకు ఇప్పటికీ తృప్తిగా ఉన్నది.

ఈ సంవత్సరం సంక్రాంతి సెలవుల్లో మేము కూడా సేక్రెడ్ హార్ప్ పాడి చూశాం. బావమరిది వీడియో కాల్‌లో, మేము మేడ మీద. ఎంచుకున్నది ఆ పుస్తకంలో న్యూ బ్రిటన్ అనే పేరుతో ఉన్న వరస. అమేజింగ్ గ్రేస్ అనే పేరుతో లోకమంతా ఎరిగినది అదే. అందరం కలిసి మొదలుపెట్టాం గాని, ఫోన్‌లో వాడి గొంతు అర తాళం ఆలస్యంగా వస్తుండటంతో రెండు పంక్తులకే పాట చెదిరిపోయింది. చివరికి వాడు ఒక పంక్తి పాడి ఆగడం, మేము తర్వాతి పంక్తి అందుకోవడం అని ఒప్పందం చేసుకున్నాం. మా అమ్మాయి ఆకారాలు చూస్తూ ఫా, సోల్, లా అని పాడుతూ పాడుతూ, రెండో ఆవృత్తిలో ఆగిపోయి, కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కింది దాకా వెతికింది.

"మామా, ఈ వరసలో డైమండ్ ఒక్కటి కూడా లేదు."

"బాగా చూడు తల్లీ."

"లేదు మామా. నిషాదం లేదు, మధ్యమం లేదు. మోహనం కదా, ఎట్ల వస్తుంది?" అని, మళ్ళీ తనే శ్రుతి ఎత్తుకుని మొదటినుంచి పాడటం మొదలుపెట్టింది.